నల్గొండలో కరెంటు కంపెనీని మార్చుకోలేం, మరి శుభ్రమైన కరెంటు మనకెలా వస్తుంది?

మిర్యాలగూడ నుంచి అడిగిన తమ్ముడి ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. వాళ్ల అక్క ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ ఫోన్‌లోనే కరెంటు కంపెనీ మార్చేసి, గాలిమరల కరెంటు అమ్మే కంపెనీకి వెళ్లిందట. మన దగ్గర కూడా అలా మారొచ్చా అన్నది మొదటి ప్రశ్న. ఒకతను ఇంటికొచ్చి, ఐదు వేలు అడ్వాన్సు ఇస్తే మీ సర్వీసును ‘గ్రీన్ కనెక్షన్’గా మార్పిస్తానన్నాడట. ఆ డబ్బు కట్టాలా అన్నది రెండోది. ఇంట్లో నెలకు దాదాపు 300 యూనిట్లు, ఎండాకాలంలో 400 దాకా కాలుతున్నాయి. సోలార్ పెట్టుకుంటే గిట్టుబాటు అవుతుందా అన్నది మూడోది.

నేను కరెంటు డిపార్టుమెంటులో సబ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు సోలార్ దరఖాస్తుల్లో, కొటేషన్లు చూసిపెట్టడంలో సాయం చేస్తున్నాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ఆ ఐదు వేల సంగతి ముందు. కట్టకండి. మన జిల్లాలో ‘గ్రీన్ కనెక్షన్’ పేరుతో ఇంటి సర్వీసు ఏదీ లేదు. మీ మీటరును దగ్గరుండి మార్పించి గాలి కరెంటో ఎండ కరెంటో ఇప్పించే అధికారం ఏ ఏజెంటుకూ లేదు. అతను మళ్లీ వస్తే మీ సెక్షన్ ఏఈకి (కరెంటు ఆఫీసు అసిస్టెంట్ ఇంజనీరుకు) చెప్పండి, లేదా 1912కి ఫోన్ చేయండి. ఇప్పటికే ఫోన్‌లో పైసలు పంపి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పండి.

ఇక కంపెనీ మార్పు. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట... ఈ జిల్లాలన్నిటికీ ఇళ్లకు కరెంటు ఇచ్చేది ఒక్కటే, దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. 2024లో పేరు టీఎస్‌ఎస్‌పీడీసీఎల్ నుంచి టీజీఎస్‌పీడీసీఎల్‌గా మారింది, అంతే. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఒక ప్రాంతానికి లైసెన్సు ఉన్న సంస్థే ఇళ్లకు కరెంటు అమ్మాలి. ఒకే ప్రాంతంలో ఇద్దరికి లైసెన్సు ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. ముంబైలో కొన్ని ప్రాంతాల వాళ్లు టాటా, అదానీ సంస్థల్లో ఒకదాన్ని ఎంచుకోగలరు. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. ఇలాంటి ఎంపికకు దేశమంతటా దారి తెరవాలని 2022 ఆగస్టులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. దాన్ని పార్లమెంటు స్థాయీ సంఘానికి పంపారు, ఆ బిల్లు చట్టం కాలేదు.

పెద్ద వినియోగదారులకు మాత్రం వేరే దారి ఉంది. ఓపెన్ యాక్సెస్ కింద వాళ్లు బయటి సోలార్, విండ్ ప్లాంట్ల నుంచి నేరుగా కొనుక్కోవచ్చు. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనలతో గ్రీన్ ఎనర్జీకి ఆ పరిమితి 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు తగ్గింది. మిర్యాలగూడ రైసు మిల్లులకు అది పనికొచ్చే మాట. మామూలు ఇంటి లోడు రెండు మూడు కిలోవాట్లు, కాబట్టి మనకు ఆ తలుపు లేనట్టే. మహారాష్ట్రలో 2021లో అక్కడి నియంత్రణ మండలి ఒక పద్ధతి పెట్టింది. మామూలు రేటు మీద కొంత అదనంగా (మొదలుపెట్టినప్పుడు యూనిట్‌కు 66 పైసలు) కడితే, ఆ మేరకు పునరుత్పాదక కరెంటు, అంటే ఎండ, గాలి లాంటి తరగని వనరుల కరెంటు, కొని ఇచ్చినట్టు పంపిణీ సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. ఇళ్లవాళ్లు కూడా తీసుకోవచ్చు. నాకు నచ్చిన పద్ధతి అది. మన దగ్గరా ప్రతి ఇంటికీ సులభంగా అందేలా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మీ అక్కగారికి కూడా ఒక మాట చెప్పండి. ఆమె కంపెనీ మార్చినంత మాత్రాన ఆమె ఇంటి తీగలోకి గాలిమర కరెంటు విడిగా రాదు. ప్లాంట్లన్నిటినీ ఇళ్లన్నిటినీ కలిపే లైన్ల వల ఉంది కదా, ఆ గ్రిడ్ అంటే సాగర్ ఎడమ కాలువ లాంటిది. ఏ వాగు నీళ్లు ఏ తూములోకి పోయాయో ఎవరూ విడదీసి చెప్పలేరు, కాలువలోకి ఎవరు ఎంత పోశారన్న లెక్క మాత్రం ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఆ లెక్క కోసం ‘రెగో’ అనే సర్టిఫికెట్లు ఉన్నాయి. పునరుత్పాదక కరెంటు ఒక మెగావాట్-అవర్ పుడితే, అంటే మన లెక్కలో వెయ్యి యూనిట్లు, ఒక సర్టిఫికెట్ పుడుతుంది. చిక్కేమిటంటే దాన్ని కరెంటు నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. కొన్ని కంపెనీలు మార్కెట్‌లో మామూలు కరెంటే కొని, సర్టిఫికెట్లు చవకగా తెచ్చి అతికించి, ‘నూరు శాతం గ్రీన్’ అని అమ్ముతాయన్న విమర్శ అక్కడ చాలా కాలంగా ఉంది. అందుకే ఆమె తన కంపెనీని అడగాల్సింది ఒకటే. గాలిమరల వాళ్లతో, సోలార్ ప్లాంట్ల వాళ్లతో మీకు నేరుగా దీర్ఘకాల కొనుగోలు ఒప్పందాలు ఉన్నాయా, లేక సర్టిఫికెట్లే కొంటున్నారా? నేరుగా ఒప్పందాలు ఉంటే ఆమె కట్టే డబ్బు కొత్త ప్లాంటు కట్టడానికి ఆసరా అవుతుంది. ఉత్త సర్టిఫికెట్లయితే పెద్దగా ఒరిగేది లేదు.

మన కరెంటు ఎక్కడి నుంచి వస్తోందన్నది కూడా తెలుసుకోవాలి. కృష్ణ మన పక్కనే ఉంది కాబట్టి మనది నీళ్ల కరెంటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రం 815.6 మెగావాట్లు, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం 900, జూరాల 234, దిగువ జూరాల 240, పులిచింతల 120. పెద్ద అంకెలే. కానీ పైనుంచి వరద వచ్చి డ్యాములు నిండితేనే ఇవి నిండుగా తిరుగుతాయి. మిగతా కాలమంతా మనల్ని ఎక్కువగా మోసేది బొగ్గు. మీకు పక్కనే దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. అందులో మొదటి 800 మెగావాట్ల యూనిట్‌ను 2024 డిసెంబరు 7న ప్రారంభించారు. అదే ఏడాది సెప్టెంబరు 30న ఇంగ్లండ్ తన చివరి బొగ్గు కరెంటు కేంద్రాన్ని మూసేసింది. మన దేశంలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు సగటున 0.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లంటే 210 కిలోలు. దామరచర్ల బూడిద, బొగ్గు బండ్ల దుమ్ము గురించి ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పడుతున్న ఆందోళన నాకు బాగా తెలుసు. శుభ్రమైన కరెంటు అడగడం పట్నపు సరదా అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

కాబట్టి అమ్మేవాడిని మార్చలేం. మన ఇంటికి వచ్చే కరెంటులో కొంత భాగాన్ని మన డాబా మీదే పుట్టించుకోగలం. అది గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది ప్యానెళ్ల కంటే మీ బిల్లు స్లాబు మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఇది అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. సోలార్ అమ్మి బిగించే వెండర్లు సాధారణంగా చెప్పని సంగతి ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

2022 ఏప్రిల్ నుంచి ఉన్న ఇంటి రేట్లు చూడండి. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100కు యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి 100కు 4.80. అంటే సరిగ్గా 200 కాలితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. మీటరు 201 చూపిస్తే లెక్క మొత్తం మారిపోతుంది. మొదటి 200 యూనిట్లూ 5.10 రేటుకు పోతాయి, ఆపైన 300 దాకా 7.70, ఆ తర్వాత 400 దాకా 9 రూపాయలు. 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు 200 రూపాయలకు పైగా! 300 యూనిట్లకు 1,790, 400కు 2,690. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, డ్యూటీ వీటికి అదనం, అవి ఎలాగూ తప్పవు.

ఇప్పుడు సోలార్ కలపండి. మన వైపు ఎండకు 1 కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎక్కువ, వానకాలం మబ్బుల్లో బాగా తక్కువ. నెట్ మీటరు పెట్టాక మీరు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి గ్రిడ్‌కు పంపినవి తీసేసి మిగిలిన వాటికే బిల్లు వేస్తారు.

మీ 300 యూనిట్ల నెలనే తీసుకుందాం. 1 కిలోవాట్ పెడితే 180 యూనిట్లు మిగులుతాయి. మీరు 200 గీత కిందికి దిగారు, బిల్లు 724. అంటే 1,066 రూపాయలు ఆదా. రెండో కిలోవాట్ కూడా పెడితే 60 యూనిట్లే మిగులుతాయి, 100 లోపు వాడేవాళ్లకుండే ఇంకా తక్కువ రేట్ల ప్రకారం సుమారు 129 రూపాయలు. రెండో కిలోవాట్ తెచ్చిన ఆదా 595. మూడోది పెడితే ఆ నెలలో దానికి మిగిలే పని ఆ 129 రూపాయలే. మిగులు యూనిట్లు తర్వాతి నెలకు జమ అవుతాయి, చివరికి లెక్క తేల్చినప్పుడు ఇచ్చే రేటు మీరు కట్టే రేటు కంటే బాగా తక్కువ. ఎండాకాలంలో 400 కాలినప్పుడు 2 కిలోవాట్లతో 160 మిగిలి బిల్లు 2,690 నుంచి 628కి వస్తుంది.

నా సలహా మీకు 2 కిలోవాట్లు. కొత్తగా ఏసీ పెట్టించే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ఆలోచనో ఉంటే 3. అంతకు మించి ఎవరు నచ్చజెప్పినా వద్దు.

ఖర్చు సంగతి. పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000 సబ్సిడీ. అంటే 2 కిలోవాట్లకు 60,000, మూడుకు 78,000, ఆపైన ఎంత పెట్టినా అదే 78,000. మన దగ్గర కొటేషన్లు కిలోవాట్‌కు 60-75 వేల మధ్య వస్తున్నాయి. 2 కిలోవాట్లకు సబ్సిడీ పోను మీ చేతి నుంచి 60 నుంచి 90 వేలు. మీ వాడకానికి నాలుగేళ్లు, కాస్త అటూ ఇటూగా పెట్టుబడి తిరిగొస్తుంది. ప్యానెళ్లకు కంపెనీలు మామూలుగా 25 ఏళ్ల పనితీరు వారంటీ ఇస్తున్నాయి. సబ్సిడీ ముందే రాదు. అంతా బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ పూర్తయ్యాక మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ‘సబ్సిడీ మేమే పట్టుకుని మిగతాది తీసుకుంటాం’ అనేవాళ్లకు ఖాతా వివరాలు, ఓటీపీలు ఇవ్వకండి. చేతిలో డబ్బు లేకపోతే 3 కిలోవాట్ల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ప్రభుత్వ బ్యాంకులు అప్పు ఇస్తున్నాయి, దరఖాస్తు ఆ పథకం వెబ్‌సైటులోనే (పోర్టల్‌లోనే) ఉంటుంది.

ఎక్కువమంది ఆగిపోయేది డబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర. సర్వీసు తాతగారి పేరు మీద ఉంటుంది, ఆయన పోయి చాలా ఏళ్లవుతుంది, ఇల్లు ఇద్దరు కొడుకుల మధ్య పంచుకుని ఉంటారు. దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలో తెలియక పని ఏడాదిపాటు ఆగిపోతుంది. ముందు పేరు మార్పిడి చేయించుకోండి. బిల్లు, ఇంటి పన్ను రసీదు, వారసుల పత్రం పట్టుకుని కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఈఆర్వో ఆఫీసుకు వెళ్లండి. బిల్లు మీద ఉన్న శాంక్షన్డ్ లోడ్, అంటే మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు, కూడా చూసుకోండి. పాత ఇళ్లకు అది చాలా తక్కువ ఉంటుంది, పెంచుకోవాల్సి రావచ్చు. 10 కిలోవాట్ల లోపు సోలార్‌కు సాంకేతిక పరిశీలన పేరుతో ఆపకూడదని 2024లో నిబంధన వచ్చింది. కాబట్టి ‘ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద కుదరదు’ అని నోటిమాటగా ఎవరన్నా అంటే, రాతపూర్వకంగా అడగండి.

వెండర్‌ను పోర్టల్‌లో నమోదైన వాళ్లలోంచే ఎంచుకోండి. కనీసం ముగ్గురి కొటేషన్లు తీసుకోండి, కానీ అందరికంటే తక్కువ చెప్పినవాడికే ఇవ్వాలన్న రూలేమీ పెట్టుకోకండి. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లే కాదు, వాటి లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారైనవి కావాలి. వాటినే డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. బిల్లులో సీరియల్ నంబర్లు రాయించుకుని డాబా ఎక్కి సరిచూసుకోండి. ఇనుప స్ట్రక్చరుకు వేడి జింకు పూత ఉండాలి. మే నెల గాలిదుమారాలకు రేకులు ఎగిరిపోయే ఊళ్లు మనవి, ఉత్త పెయింటు వేసిన ఇనుముతో సరిపెడితే ఒప్పుకోవద్దు. ఎర్తింగ్ మూడు వేరువేరు గుంతల్లో ఉండాలి, ప్యానెళ్ల వైపు ఒకటి, ఇంటి వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. రెండు గుంతలతో కానిచ్చేసే పని నేను చాలాచోట్ల చూశాను. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరును నేరుగా ఎండ పడే గోడకు బిగించనీయకండి.

మన ఊళ్లలో కోతుల బెడద చిన్నది కాదు. వైర్లు ఎక్కడా వేలాడకుండా మొత్తం పైపుల్లోంచి తీయించండి. నీళ్ల ట్యాంకు నీడ పడే చోట ప్యానెల్ పెట్టనీయకండి, ఒక ప్యానెల్ మీద నీడ పడితే దాంతో కలిపిన మిగతా వాటి ఉత్పత్తి కూడా పడిపోతుంది. డాబా మీద మిరపకాయలు ఎండబోసుకునే, ఎండాకాలం పడుకునే అలవాటు ఉంటే, కింద మనిషి నడిచేంత ఎత్తు స్ట్రక్చరు అడగండి. అదనంగా కొన్ని వేలవుతుంది కానీ డాబా మీ వాడకానికి మిగులుతుంది. ప్యానెళ్లు దక్షిణం వైపు వాలుగా ఉండాలి. రైసు మిల్లుల ఊక దుమ్ము, క్వారీల దుమ్ము పడే చోట్ల వారానికోసారి పొద్దున్నే నీళ్లతో కడగాలి. మిట్టమధ్యాహ్నం వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పోయకండి. ఐదేళ్లు నిర్వహణ బాధ్యత వెండర్‌దే, ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో చదవండి.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉండాలి. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు, ఎండ ఎంత ఉన్నా ఆగిపోతుంది. అది లోపం కాదు. లైను మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడటానికి అలా తయారు చేస్తారు. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. కోతలు ఎక్కువగా లేని చోట నేనైతే దానికి పైసలు పెట్టమనను.

ఇది చదివే అందరికీ సోలార్ పెట్టమని చెప్పడం లేదు. 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇంటివాళ్లకు సోలార్ వల్ల డబ్బు రూపంలో మిగిలేది ఏమీ లేదు, అప్పు చేసి పెట్టవద్దు. వాళ్లు చూసుకోవాల్సింది 200 గీతను. ఎండాకాలంలో ఒక నెల 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి, అంటే వెయ్యికి పైనే. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, కొత్త రకం, కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు 14 గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 19 యూనిట్ల దాకా తగ్గుతాయి. మూడు ఫ్యాన్లు మారిస్తే 57 యూనిట్ల దాకా. ఆ మేరకు దామరచర్లలో బొగ్గు కూడా తగ్గుతుంది.

అద్దె ఇళ్లవాళ్లకు డాబా మీద హక్కు ఉండదు. వాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. మన రాష్ట్రంలో పగలు సోలార్ కరెంటు దండిగా పుడుతుంది, పొద్దు గూకాక బొగ్గు మీద భారం పడుతుంది. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, స్కూటర్ చార్జింగు పది నుంచి మూడింటి మధ్య పెట్టుకుంటే మీరు వాడేదాంట్లో ఎండ కరెంటు వాటా పెరుగుతుంది. స్మార్ట్ మీటర్లు వచ్చాక ఆ వేళల్లో రేటు తక్కువ ఉండాలని కేంద్రం 2023లోనే నిబంధన చేసింది. అపార్టుమెంటులో ఉంటే లిఫ్టు, మోటారు, లైట్ల వంటి ఉమ్మడి వాడకానికి సోలార్ పెట్టుకోవచ్చు, అసోసియేషన్‌కు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది.

చాలామంది వాడుకోని హక్కు ఇంకొకటి ఉంది. పంపిణీ సంస్థ ఏ కరెంటు ఎంత కొంటుంది, ఎంతకు కొంటుంది అన్న లెక్కలను తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. మండలి వాటిని ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు అడుగుతుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా తెలుగులోనే రాయొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. పంపిణీ సంస్థలు కొనే కరెంటులో పునరుత్పాదక వాటా 2029-30 నాటికి 43 శాతం దాటాలని కేంద్రం నిర్దేశించింది. మన సంస్థ ఆ దారిలో ఉందా, ఇళ్లవాళ్లకు మహారాష్ట్ర తరహా గ్రీన్ టారిఫ్ ఎందుకు సులభం చేయడం లేదు అని అడగడానికి అదే సరైన చోటు. అభ్యంతరాలు పంపేవాళ్లలో పరిశ్రమల వాళ్లు, రైతు సంఘాల వాళ్లు కనిపిస్తారు, మామూలు ఇళ్లవాళ్లు చాలా అరుదు. మిర్యాలగూడ నుంచి పదిమంది కలిసి ఒక ఉత్తరం రాసినా దానికి సమాధానం చెప్పాల్సి ఉంటుంది.

తమ్ముడూ, మీ గత పన్నెండు నెలల బిల్లుల్లోని యూనిట్లు వరుసగా ఇక్కడ రాయండి. బిల్లు మీది శాంక్షన్డ్ లోడ్, డాబా మీద నీడ పడని జాగా ఎన్ని చదరపు అడుగులో కూడా రాయండి. కిలోవాట్‌కు వంద అడుగులు కావాలి. సర్వీసు నంబరు, ఫోన్ నంబరు మాత్రం రాయకండి. ఆ లెక్క చూసి రెండా, మూడా అన్నది ఖాయంగా చెబుతాను.